నాలుగుసార్లు కడిగిన సీసా

సోమవారం ఉదయం ఏడు గంటలకు మెట్ల దగ్గర దీపాలు ఇంకా వెలుగుతుండగానే పరిశోధనశాలలో సీసాలు కడిగే గది తలుపును సీసాలమ్మ భుజంతో నెట్టుకుని లోపలికి వచ్చింది. తలుపు పిడి తిప్పడం ఆమె మానేసి చాలా రోజులైంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు తలుపు పూర్తిగా పడకుండా సందులో మడిచిన కాగితం పెట్టి వెళుతుంది. లోపలికి రాగానే మోచేత్తో వేడినీళ్ళ కుళాయి తిప్పి, తొట్టి సగం నిండాక రెండు చేతులూ మణికట్టు దాకా ముంచి నిలబడింది.

వేళ్ళు ముడుచుకోవు. చాచినా పూర్తిగా చాచుకోవు. రెండు చేతుల్లోనూ చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ళ దగ్గర కణుపులు ఉబ్బి, వేడిగా, నున్నగా ఉంటాయి. ఎనిమిదయ్యేసరికి కాస్త సడలుతాయి. అందరూ వచ్చేది ఎనిమిదిన్నరకు. ఆ వేళకు ఆమె చేతులు మామూలు చేతుల్లా కనిపించాలి. పది నెలలుగా అలాగే కనిపిస్తున్నాయి.

తొట్టి పైన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. బ్రష్షుతో సబ్బుపెట్టి తోమాలి, మూడుసార్లు కుళాయి నీళ్ళు, నాలుగుసార్లు ఆవిరిపట్టి చల్లార్చిన శుద్ధమైన నీళ్ళు, మూతికి వెండిలా మెరిసే రేకు, ఆ తర్వాత పొడవాటి పొయ్యిలో పెట్టి కాల్చాలి. మొత్తం ఏడుసార్లు కడగడం. పద్నాలుగేళ్ళు ఆమె ఏడుసార్లు కడిగింది. నీళ్ళు నింపిన సీసాను ఎత్తి, తిప్పి, వంచి పారబోసేటప్పుడు మణికట్టులోంచి మోచేతి దాకా ఏదో లాగినట్టుండేది. మొదట ఒకసారి తగ్గించింది. తర్వాత ఇంకోసారి. రెండు నెలలుగా నాలుగే. ఎవరూ అడగలేదు. చూస్తే సీసా సీసాలాగే ఉంది.

"నువ్వు ఇంటికి వెళ్తున్నావా, ఇక్కడే పడుకుంటున్నావా?" అంటూ స్టోరు బాబాయి తలుపులోంచి తొంగిచూశాడు. సీసాలమ్మకు తప్ప ఆయన అందరికీ బాబాయే. సామాన్లూ, రోజుకూలీ వాళ్ళ పేర్ల పట్టీ ఆయన చేతిలో ఉంటాయి.

సీసాలమ్మ చేతులు నీళ్ళలోంచి తీసి కొంగులో చుట్టుకుంది. "ఇంట్లో మా చెల్లెలి గురక అన్నయ్యా. ఇక్కడ యంత్రాలే నయం."

"నా గురక వింటే యంత్రాలే పారిపోతాయంటుంది మీ వదిన," అని ఆయన వెళ్ళిపోయాడు.

మంచివాడే. ఆమెకు ముందున్నావిడ నడుము పట్టేసిందని చెప్పిన వారానికి పట్టీలోంచి ఆవిడ పేరు తీసేసింది కూడా ఆయనే. తీసేసి రెండు రోజులు బాధపడ్డాడు.

కడిగే గదికీ పరిశోధన గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. కడిగిన సీసాలు అందులోంచి అటు అందిస్తారు. పది గంటలకు ఆమె సీసాల పళ్ళెం ఆ గట్టు మీద పెడుతుండగా అవతల పెద్దసారు గొంతు వినిపించింది. ఆయన గొంతు పెంచి మాట్లాడరు. పెంచనప్పుడే అందరికీ భయం.

"ఇది ఏ వరుస?"

"మంచి కీలు కణాలు సార్. ప్రమాదంలో మోకాలు దెబ్బతిన్నవాళ్ళవి."

"ఇది?"

"కీళ్ళవాపు జబ్బున్నవాళ్ళవి."

జవాబు చెప్తున్నది గుండుసూది. సన్నగా ఉంటుందనీ మాట గుచ్చుకుంటుందనీ తోటివాళ్ళు పెట్టిన పేరు. అరచేయంత పలకలో చిన్నచిన్న గుంటలు, వాటిలో నీళ్ళు. వాపు పుట్టించే పదార్థం ఎంత ఎక్కువుంటే ఆ నీళ్ళు అంత ముదురు పసుపు. కిటికీలోంచి చూస్తున్న సీసాలమ్మకు కూడా తెలుస్తోంది, రెండు వరుసలూ ఒకే పసుపు.

"మూడేళ్ళుగా నువ్వు చెప్పిందేమిటి? జబ్బు కణాలు చిన్న ఈలకే పెద్దగా లేస్తాయి, మంచివి లేవవు అని. రెండు నెలలుగా రెండూ ఒకటే అంటున్నావు. ముందు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు కణాలు పెంచే డబ్బాల మీద పేర్లు తారుమారు చేశావా?"

"తారుమారు చెయ్యలేదు సార్. ఈల మారింది. రెండు నెలల కిందటే కొత్తది మొదలుపెట్టాం. ఒకసారి దాన్ని పరీక్షిస్తే..."

కణాలను రెచ్చగొట్టడానికి పోసే ప్రొటీనును ఆ గదిలో ఈల అంటారు. వేలెడు సీసాలో తెల్లటి పొడి. సీసాలమ్మ కడిగిచ్చిన సీసాలో దాన్ని నీళ్ళతో కలిపి వాడతారు.

"అది నా స్నేహితుడి ల్యాబులో చేసింది. నేనే మంచుపెట్టెలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను," అన్నారు పెద్దసారు. "గురువారం లోపు డబ్బాలు కలిపేశానని రాసి ఇవ్వు. రాసిస్తే పొరపాటు. రాయకపోతే మోసం."

"రాసిస్తే ఇక్కడే ఉండొచ్చా సార్?"

"ఇంకో చోట చేరడానికి నాలుగు మంచి ముక్కలు రాసిస్తాను."

సీసాలమ్మ పళ్ళెం వదిలేసి తొట్టి దగ్గరికి వచ్చింది. రెండు నెలలు అన్న మాట ఆమె చెవిలో ఉండిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం గుండుసూది రెండు టీలు పట్టుకుని కడిగే గదిలోకి వచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. ఆమె ప్రయోగాలు రాసుకునే పుస్తకాలు పెద్దసారు తన గదిలో పెట్టించుకున్నారు. చేయడానికి పని లేదు.

"తాగు పిన్నీ. ఇవాళ నేను పెద్ద జమీందారును, ఖాళీ."

సీసాలమ్మ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. వేళ్ళతో పట్టుకోలేక కాదు, చలికి అన్నట్టు. "అసలు ఆ కణాలేంటమ్మా? ఆయన అంత కోపపడేంత ఏముంది వాటిల్లో?"

"కీలు లోపల పల్చటి పొర ఉంటుంది పిన్నీ. మంచం కోడుకు నూనె రాసినట్టు కీలుకు జిగురు అందించడం దాని పని. ఒంట్లో కాపలా కాసే కణాలు వేరే ఉంటాయి. బయటి క్రిమి వస్తే తరమాలి అవి. ఈ జబ్బులో అవి సొంత కీలునే పరాయిదనుకుంటాయి. ఈలలు వేసి పొరను లేపుతాయి. పొర తిరిగి ఇంకో ఈల వేస్తుంది, అది విని ఇంకా కాపలావాళ్ళు వస్తారు. అంతా కలిసి ఎముకను కొరికేస్తారు."

"దొంగ లేకుండానే?"

"దొంగ లేకుండానే. ఒకసారి అలా లేచిన పొర తర్వాత కూడా దాన్ని గుర్తుపెట్టుకుంటుందని నా లెక్క. మందుతో తగ్గినా సరే, మళ్ళీ చిన్న సద్దుకే లేస్తుంది. అందుకే జబ్బు తిరగబెడుతుంది. అది తేలితే ఆ గుర్తును ఎలా చెరపాలో వెతకొచ్చు." గుండుసూది టీలోకి చూసింది. "మూడేళ్ళు చేశాను. ఇప్పుడు మోసగత్తెనట."

సీసాలమ్మ ఒక గుక్క తాగింది. "మా వీధిలో ఒకావిడకు పొద్దున లేస్తే వేళ్ళు బిగుసుకుపోతాయట. మధ్యాహ్నానికి బాగానే ఉంటుందట. ఇదేనా?"

"కావచ్చు. తెల్లవారుజామున ఒంట్లో ఆ ఈలలు ఎక్కువవుతాయి. వాటిని అణిచే రసాయనం చాలినంత ఊరదు. ఆవిణ్ణి వెంటనే డాక్టరుకు చూపించుకోమను పిన్నీ. ఆలస్యమైతే వేళ్ళు వంకర్లు పోతాయి, మళ్ళీ తిన్నగా రావు."

"చెప్తాను," అంది సీసాలమ్మ. తర్వాత, చాలా మామూలుగా, "మరి మంచి కణాలు ఎందుకు లేచాయి?"

"ఈలలో మురికి ఉండాలి. లేదా అది కలిపిన సీసాలో. కంటికి కనపడని పిసరంత చాలు, గగ్గోలు పెడతాయి. సీసా సంగతి నేను అనుకోవడం లేదులే. నువ్వు ఏడుసార్లు కడుగుతావు."

సీసాలమ్మ గ్లాసు కింద పెట్టి తొట్టి వైపు తిరిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెల్లెలు ఆమె జడ విప్పి దువ్వుతుంటే అంతా చెప్పింది. అక్కచెల్లెళ్ళిద్దరే ఉంటారు. చెల్లెలు ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున అక్క జాకెట్టు గుండీలు పెట్టేది, జడ అల్లేది, డబ్బా మూతలు తీసేది ఆమే.

"నోరు మూసుకుని కూర్చో," అంది చెల్లెలు.

"ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదే."

"తప్పు చేశావని నీకు మాత్రం ఎవరు చెప్పారు? సీసాలో మురికి ఉందో లేదో ఎవరికీ తెలీదు. నీ అంతట నువ్వు వెళ్ళి నెత్తిన వేసుకుంటావా?"

"రెండింటికీ రెండు నెలలే. నేను నాలుగుసార్లు మొదలుపెట్టిందీ, ఆ కణాలు లేచిందీ."

దువ్వెన ఆగింది. "ఆ పిల్లకు చదువుంది అక్కా. ఇక్కడ కాకపోతే ఇంకోచోట. నీకేముంది? ఈ చేతులు చూసి ఎవరు పనిలో పెట్టుకుంటారు? నా ఇస్త్రీపెట్టె ఎత్తుతావా?"

"మూడేళ్ళు పోతాయి దానికి."

"నీకు పద్నాలుగేళ్ళు పోతాయి." చెల్లెలు జుట్టు గట్టిగా లాగి ముడేసింది. "మళ్ళీ ఆ ఊసెత్తావంటే రేపు జడ నువ్వే వేసుకో."

బుధవారం సీసాలమ్మ ఆరున్నరకే వచ్చింది. అరలో ఉన్న శుభ్రమైన సీసాలన్నీ దించి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఏడుసార్లు. ఒక్కోసారీ పైకే లెక్కపెట్టుకుంది. పదో సీసాకు మణికట్టు మండింది. పదిహేనో సీసాకు వేళ్ళు పట్టు విడవలేదు, సీసాను గట్టు మీద ఆనించి ఒక్కో వేలూ రెండో చేత్తో ఊడదీసుకోవలసి వచ్చింది. పద్దెనిమిదోది ఐదోసారి కడుగుతుండగా జారి నేల మీద పగిలింది.

స్టోరు బాబాయి చీపురు తెచ్చాడు. గాజు ముక్కలు ఊడుస్తూ, "ఈ నెలలో ఇది నాలుగోది," అన్నాడు.

"సబ్బు జారుడు అన్నయ్యా."

"సబ్బు అప్పుడూ అదే." ఆయన నడుము నిటారుగా చేసి ఆమె వైపు చూశాడు. ఆమె చేతులు అప్పటికే నురుగులో ఉన్నాయి. "చెయ్యి తెగిందేమో చూడనీ."

"తెగలేదు."

"చూపించు ఒకసారి."

"నా చేతిరేఖలు చూసి ఏం చెప్తావు, మళ్ళీ పెళ్ళవుతుందనా? వెళ్ళు అన్నయ్యా, నాకు పనుంది."

ఆయన నవ్వాడు గాని ఆ నవ్వు తలుపు దాటే దాకా కూడా నిలవలేదు. సీసాలమ్మ నురుగులో అలాగే నిలబడింది. ఇప్పుడు కడిగినవి ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఏం లాభమని అప్పుడు తోచింది. కణాలు లేచిపోయాయి. పలక పసుపెక్కింది.

గురువారం పదకొండింటికి పెద్దసారు తన గదిలోంచి కాగితం పట్టుకుని పరిశోధన గదిలోకి వచ్చారు. గుండుసూది బల్ల దగ్గర నిలబడి ఉంది. స్టోరు బాబాయి సాక్షి సంతకానికి వచ్చాడు. కిటికీలోంచి సీసాలమ్మకు కాగితం తెలుపు, దాని పక్కన పెట్టిన కలం కనిపించాయి.

"నేను టైపు చేయించాను, నీకు శ్రమ లేకుండా," అన్నారు పెద్దసారు.

గుండుసూది చదివింది. మొదటిసారి ఆ పిల్ల నోట్లోంచి గుచ్చే మాట రాలేదు. కలం అందుకుంది.

సీసాలమ్మ కిటికీ వదిలి తలుపు దాకా నడిచింది. ఆ గదిలోకి ఆమె ఎప్పుడూ తలుపులోంచి వెళ్ళలేదు.

"సార్, ఆ తప్పు నాది," అంది.

ముగ్గురూ తిరిగి చూశారు.

"ఏడుసార్లు కడగాల్సింది నాలుగుసార్లే కడుగుతున్నాను. రెండు నెలల నుంచి. ఈ పిల్లకు తెలీదు. ఎవరికీ తెలీదు." కొంగులోంచి చేతులు బయటకు తీసి బల్ల మీద పెట్టింది. ముందు రోజు పని వల్ల కణుపులు ఇంకా ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. వేళ్ళు చిటికెనవేలి వైపు కాస్త ఒరిగాయి. "పొద్దున వేడినీళ్ళలో పెడితే గాని కదలవు. చెప్తే పని పోతుందని చెప్పలేదు."

స్టోరు బాబాయి ఆ చేతులు చూసి తల తిప్పుకున్నాడు. పెద్దసారు వాటిని చూశారు, తర్వాత గుండుసూదిని, తర్వాత కాగితాన్ని. ఆయన భుజాలు కొద్దిగా వదులయ్యాయి.

"సరే. అయితే తేలిపోయింది. సీసాలు సరిగ్గా కడగలేదు," అన్నారు. గుండుసూది చేతిలోని కాగితం వెనక్కి తీసుకోబోయారు. "నీ పేరు దీనిలో అక్కర్లేదమ్మాయ్. వెళ్ళి పని చూసుకో."

గుండుసూది కాగితం వదల్లేదు.

"తేలలేదు సార్."

"ఏమిటి తేలనిది?"

"కడగడం సబ్బు పోవడానికి. సబ్బు మిగిలితే కణాలు చస్తాయి, గగ్గోలు పెట్టవు. మనవి ఒక్కటీ చావలేదు. గగ్గోలు పెట్టించేది చచ్చిన బాక్టీరియా పెంకు. అది కడిగితే పోదు, పొయ్యిలో కాల్చితే పోతుంది. పిన్నీ, పొయ్యి ఎంతసేపు పెడుతున్నావు?"

"రెండు గంటలు. దానికి బొత్తాం నొక్కడమే కదమ్మా, అది మోచేత్తోనైనా నొక్కుతాను."

"విన్నారుగా. సీసానూ పరీక్షిద్దాం, ఈలనూ పరీక్షిద్దాం. గంట పని. ఫ్రిజ్‌లో పీతరక్తపు గొట్టాలున్నాయి."

"నీకు బయటపడే దారి దొరికింది," అన్నారు పెద్దసారు మెల్లగా. "ఎందుకు పాడుచేసుకుంటావు?"

"ఆ దారి పిన్ని మీద నుంచి పోతోంది సార్."

పెద్దసారు గడియారం చూసుకుని, "చేయండి," అన్నారు.

నాలుగు చిన్న గాజు గొట్టాలు. ఒక్కోదాని అడుగున ఒక సముద్రపు పీత రక్తం నుంచి తీసిన పొడి. బాక్టీరియా పెంకు తగిలితే అది గడ్డకడుతుంది. గంట తర్వాత గొట్టం తలకిందులు చేస్తే శుభ్రమైనది కారిపోతుంది, మురికిది నిలబడిపోతుంది. ఒకదాంట్లో గుండుసూది శుద్ధమైన నీళ్ళు పోసింది. రెండోదాంట్లో తెలిసి కలిపిన మురికి. మూడోదాంట్లో, నాలుగుసార్లు కడిగిన సోమవారపు సీసా ఒకటి కిటికీ గట్టు మీద మిగిలి ఉంటే, అందులో నీళ్ళు పోసి కుదిపి తీసిన చుక్కలు. నాలుగోదాంట్లో ఈల. దాన్ని కొత్త ప్లాస్టిక్ గొట్టంలో కలిపింది, సీసా తగలకుండా. నాలుగూ ఒంటి వేడి ఉన్న ఇనుప దిమ్మె గుంటల్లో నిలబెట్టింది.

"ఎవరూ బల్ల కదపకండి," అంది.

ఆ గంట సీసాలమ్మ కుర్చీలో కూర్చోలేదు. ఎవరూ కూర్చోమనలేదు. చెల్లెలికి ఏం చెప్పాలో అనుకుంది. ఏ గొట్టం ఎలా ఉన్నా తన చేతుల సంగతి బయటపడింది, దాన్ని మళ్ళీ కొంగులో చుట్టుకోవడం కుదరదు. మూడో గొట్టం నిలబడితే వట్టి పని పోవడం కాదు, ఈ పిల్ల రెండు నెలల కష్టం తన చేతులు పాడుచేసినట్టు. అది నిలబడకూడదు, అంతే. దాని తర్వాత ఏమైనా కానీ.

గంట అయింది. గొట్టాలు పెద్దసారే తీశారు. ఒకటోది నెమ్మదిగా తలకిందులు చేశారు. నీళ్ళు కారాయి. రెండోది నిలబడింది. పరీక్ష పనిచేస్తోంది.

మూడోది తిప్పారు. అడుగున చుక్క ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత ఆ చుక్క గాజు గోడ వెంట జారి మూత దాకా వచ్చింది.

నాలుగోది తిప్పారు. జారలేదు. ఆయన దాన్ని దీపం వైపు ఎత్తి పట్టుకున్నారు. వేలుతో తట్టబోయి ఆగారు. తెల్లటి ముద్ద పైన అతుక్కుని ఉంది.

"ప్రొటీను తయారుచేసేటప్పుడు బాక్టీరియా ముక్కలు పూర్తిగా తీసి ఉండరు," అన్నారు చివరికి. గొట్టం దిమ్మెలో పెట్టేశారు. "ఇలాంటివి జరుగుతుంటాయి. నా స్నేహితుడికి రాస్తాను."

సీసాలమ్మ ఆ మాట విన్నది. సోమవారం నుంచి ఈ గదిలో మోసం అనే మాట ఉంది, తారుమారు అనే మాట ఉంది, సరిగ్గా కడగలేదనే మాట ఉంది. జరుగుతుంటాయి అనే మాట మాత్రం ఇప్పుడే వచ్చింది.

పెద్దసారు బల్ల మీది కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "వేరే ఈల తెప్పించి మళ్ళీ మొదలుపెట్టు," అన్నారు గుండుసూదితో.

స్టోరు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "సార్, మరి ఈవిడ సంగతి. చేతులు అలా ఉన్నాయని తెలిశాక పట్టీలో..."

"అవును. అది చూడాలి."

"సార్," అంది సీసాలమ్మ. "ఆ మూడో గొట్టం సంగతి పుస్తకంలో రాయరా?"

"రాస్తుంది."

"ఏమని?"

గుండుసూది ఆమె వైపు చూసింది. పెద్దసారు గదిలోంచి తన పుస్తకం తానే తెచ్చుకుని బల్ల మీద తెరిచింది. తేదీ వేసింది. "కడిగిన సీసా, శుభ్రం అని."

"ఎవరు కడిగారో రాయి. ఎన్నిసార్లో రాయి. ఎలాంటి చేతులతోనో కూడా రాయి."

గుండుసూది రాసింది. రాసినంత మేరా పైకి చదివింది. "సీసా కడిగినది ఈ ల్యాబులో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నావిడ. రెండు చేతుల కణుపులకూ వాపు ఉంది, పొద్దునపూట వేళ్ళు వంగవు. నాలుగుసార్లు కడిగి రెండు గంటలు కాల్చింది. మురికి లేదు." పుస్తకం పెద్దసారు ముందుకు జరిపింది. పరీక్ష రాసిన ప్రతి పేజీ కిందా ఆయన సంతకం ఉండాలి.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. కలం మూత తీసి కాసేపు పట్టుకున్నారు. స్టోరు బాబాయి కలం వైపే చూస్తున్నాడు. చివరికి ఆయన సంతకం పెట్టి తేదీ వేశారు.

"పట్టీలో పేరు ఉండనీ," అన్నారు తల ఎత్తకుండా. "నాలుగుసార్లు చాలు. ఆ గోడ మీది కాగితం మార్పించు."

"అలాగే సార్," అన్నాడు స్టోరు బాబాయి, ఆ మాట కోసమే చూస్తున్నట్టు.

పెద్దసారు వైద్యం చదివినవారే. రోగులను చూడటం మానేసి ఇరవై ఏళ్ళు. వెళ్ళబోతూ బల్ల మీద ఇంకా అలాగే ఉన్న ఆ చేతుల దగ్గర ఆగారు.

"పొద్దున ఎన్నింటికి వస్తావు?"

"ఏడింటికి సార్."

"రేపు నేనూ వస్తాను. నీళ్ళలో పెట్టకముందు చూడాలి. సడలాక చూస్తే ఏమీ తెలీదు."

పది నెలలుగా చెల్లెలు తప్ప ఆ వేళలో ఆ చేతులను చూసినవాళ్ళు లేరు. సీసాలమ్మ చేతులు బల్ల మీద నుంచి తీసుకుంది.

"తగ్గడానికి మందు చెప్తానంటే రండి సార్," అంది. "డబ్బాలో వేసి పెంచుకోవడానికైతే ఇవ్వను."

గుండుసూదికి నవ్వొచ్చి పుస్తకం మీదికి వంగింది. పెద్దసారు నవ్వలేదు.

"మందు చెప్పడానికే," అన్నారు.